బుర్ర పక్కన పెట్టి రమ్మనే కామెడీ దర్శకులకు, రచయితలకు ఒక ప్రేక్షకుడి బహిరంగ లేఖ

కామెడీ సినిమాలు రాసేవాళ్లకు, తీసేవాళ్లకు, వాటికి డబ్బు పెట్టేవాళ్లకు,

నమస్కారం.

సినిమా విడుదలకు ముందు మీరిచ్చే ఇంటర్వ్యూల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "లాజిక్కులు వెతక్కండి, బుర్ర పక్కన పెట్టి రండి, రెండు గంటలు హాయిగా నవ్వుకుని వెళ్లండి" అంటారు. హీరో తెలివితక్కువవాడై, అతని స్నేహితులు అతన్ని మించిన ఘనులైతే ఈ మాట ఇంకొంచెం గట్టిగా అంటారు. సినిమా పోతే "జనం టేస్ట్ మారిపోయింది" అంటారు. ఆడితే "జనానికి ఇలాంటి పిచ్చి కామెడీయే కావాలి" అంటారు. ఈ మూడు మాటలతోనూ నాకు పేచీ ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది పెద్ద విషయమేమీ కాదు. తెలివితక్కువవాడి చుట్టూ అల్లిన కథకు కావలసినంత లాజిక్ డిటెక్టివ్ కథకు కూడా అక్కర్లేదు. డిటెక్టివ్ కథలో ఎక్కడో ఒక లంకె తెగితే ప్రేక్షకుడు ఇంటికెళ్లాక పట్టుకుంటాడు. మూర్ఖుడి కథలో తెగితే సీట్లో కూర్చుని ఉండగానే నవ్వు ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోయిందో అతనికీ తెలియదు. ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెడతాడు, అంతే.

లారెల్, హార్డీ 1932లో చేసిన 'ది మ్యూజిక్ బాక్స్' అరగంట సినిమా. చిన్న కామెడీ చిత్రాల విభాగంలో ఆస్కార్ కూడా అందుకుంది. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఇద్దరు మనుషులు ఒక పియానోను పొడవాటి మెట్ల మీదుగా పైనున్న ఇంటికి చేర్చాలి. పెట్టె జారుతుంది, దొర్లుకుంటూ కిందికి పోతుంది, మళ్లీ మోస్తారు. నానా తంటాలు పడి ఎలాగో పైకి చేర్చాక పోస్ట్‌మ్యాన్ కనిపిస్తాడు. ఇంటి దాకా బండి వచ్చే రోడ్డుంది కదా, అటు నుంచి రాకపోయారా అంటాడు. అప్పుడు వాళ్లేం చేశారు? పియానోను మళ్లీ ఆ మెట్లన్నీ దించి, బండికెక్కించి, రోడ్డు మీదుగా తీసుకొచ్చారు.

అక్కడ పడి పడి నవ్వుతాం. ఎందుకో ఒక్కసారి ఆలోచించండి. పోస్ట్‌మ్యాన్ చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. వాళ్లు ఆ మాటను మూర్ఖంగా కొట్టిపారేయలేదు. పెద్దమనుషుల్లా ఒప్పుకున్నారు, తప్పు దిద్దుకున్నారు, సరైన దారిలో వచ్చారు. అన్నీ సవ్యంగానే చేశారు. పియానో ఇప్పటికే పైన ఉందన్న ఒక్క సంగతి తప్ప అన్నీ వాళ్ల లెక్కలో ఉన్నాయి. రచయిత పియానోను ఇంకోసారి జారవిడిచి ఊరుకుని ఉంటే ఒక నవ్వు వచ్చి పోయేది. అలా చేయకుండా ఆ ఇద్దరి బుర్రల్లోకి దూరి, అక్కడ నడిచే న్యాయం ప్రకారం తర్వాతి అడుగేమిటో కనుక్కున్నాడు. తొంభై ఏళ్లు దాటినా ఆ నవ్వు నిలబడిందంటే కారణం అదే.

మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పరమానందయ్య శిష్యులను చూడండి. ఏరు దాటాక అందరూ ఉన్నారో లేదో చూసుకోవాలనుకుంటారు. అంతకంటే బాధ్యత గల పని ఏముంటుంది? ఒక్కొక్కరే లెక్కపెడతారు. లెక్కపెట్టేవాడు తనను తాను వదిలేస్తాడు. ఒకడు తగ్గాడు, ఏట్లో కొట్టుకుపోయాడు అని గొల్లుమంటారు. ఇంగ్లండ్‌లో గోథమ్ అనే ఊరి వెర్రివాళ్ల గురించి చెప్పుకునే కథల్లోనూ పన్నెండు మంది ఇలాగే లెక్కపెట్టుకుని పదకొండు మందిమే మిగిలామని ఏడుస్తారు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారన్న చర్చ పండితులకు వదిలేద్దాం. రెండు చోట్లా తప్పు ఒక్కటే. అంకెలు వచ్చు, ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంది, ఏడుపులో నటన లేదు. ఆ ఒక్క తప్పు మీద మిగతా అంతా సక్రమంగా కట్టుకుంటూ పోయారు.

ఇప్పుడు ఈ మధ్య వచ్చే సినిమాల వరస చూద్దాం. పేర్లెందుకు గానీ, ఈ రకం పాత్ర మీ అందరికీ పరిచయమే. మొదటి సగంలో తలుపు లాగాలో తొయ్యాలో తెలియని మనిషి, రెండో సగంలో విలన్ లాకర్ పాస్‌వర్డ్ పసిగట్టేస్తాడు. ఒక సీన్‌లో 'కిడ్నాప్' అంటే ఏమిటో తెలియదు, తర్వాతి సీన్‌లో దాని మీద ప్రాసతో పంచ్ వేస్తాడు. అంటే ఆ మనిషికి స్వభావమంటూ లేదు. రచయితకు ఏ పూట ఏది అవసరమైతే ఆ పూట అంత తెలివి, అంత వెర్రి. ఈ పాత్ర ఇప్పుడేం చేస్తాడో అని ప్రేక్షకుడు ముందే ఊహించి ముసిముసిగా నవ్వుకోవడంలోనే సగం ఆనందం ఉంది. ఏమైనా చేయగలవాడి విషయంలో ఊహించడానికేముంటుంది? మీరు పక్కన పెట్టమన్న లాజిక్ ఇదే.

1994లో ఫారెల్లీ సోదరులు తీసిన 'డంబ్ అండ్ డంబర్' పేరు చెప్పగానే, వెకిలి కామెడీ అని పెదవి విరిచేవాళ్లున్నారు. అందులో వెకిలితనం దండిగానే ఉంది, కాదనను. కానీ ఆ సినిమాకు వెన్నెముక ఏమిటో చూడండి. విమానాశ్రయంలో ఒక అమ్మాయి పెట్టె వదిలేసి వెళ్తుంది. మరిచిపోయిందనుకుని, దాన్ని ఆమెకు అందించడానికి ఇద్దరు స్నేహితులు దేశంలో సగానికి పైగా దూరం దాటడానికి బయలుదేరుతారు. అది కిడ్నాపర్లకు ఇవ్వాల్సిన డబ్బని వాళ్లకు తెలియదు. మధ్యలో పెట్టె తెరుచుకుంటుంది, చేతిలో చిల్లిగవ్వ లేదు. వాడుకుంటారు. అయితే వాళ్లు దొంగలు కారు. ఖర్చుపెట్టిన ప్రతి పైసాకూ 'బాకీ ఉన్నాం' అని చీటీ రాసి పెట్టెలో పెడతారు. ఖరీదైన కారు కొన్నా చీటీయే. చివర్లో విలన్ పెట్టె తెరిస్తే నిండా చీటీలే. ఇవి డబ్బుతో సమానమేనండీ అని వీళ్లు అమాయకంగా వివరిస్తారు.

ఆ చీటీల ఆలోచన తెలివితక్కువ రచయితకు వచ్చేది కాదు. నిజాయితీ ఉన్న మూర్ఖుడు పరాయి సొమ్ము ఖర్చుపెట్టాల్సి వస్తే ఏం చేస్తాడు అన్న ప్రశ్న వేసుకుని, చివరి దాకా వదలకుండా వెంటపడితే దొరికిన జవాబు అది. ఆ సినిమా పెట్టుబడికి ఎన్నో రెట్లు రాబట్టింది. తర్వాత ఏం జరిగింది? ఆ ఇద్దరు నటులూ లేకుండా, ఆ దర్శకులూ లేకుండా, వీళ్లు చదువుకునే రోజుల కథ అంటూ 2003లో ఒక సినిమా తీశారు. విమర్శకులు చీల్చి చెండాడారు. విజయానికి కారణం టైటిల్‌లో ఉన్న తెలివితక్కువతనమే అనుకున్నారు. అది పై పూత మాత్రమే. ఇరవై ఏళ్లకు, 2014లో, అసలు నటులూ అసలు దర్శకులూ కలిసి ఇంకో భాగం తీసినా పాత నవ్వు పూర్తిగా తిరిగి రాలేదు. నా లెక్కలో దానికి ఇంకో కారణం కూడా ఉంది. ముప్పైల్లో ఉన్నవాడు లోకం తెలియకుండా తిరిగితే నవ్వొస్తుంది. యాభై దాటాక కూడా అలాగే తిరుగుతుంటే, ఇన్నాళ్లూ వీళ్లను ఎవరు చూసుకున్నారో అని మనసు ఎటో పోతుంది. సీక్వెల్ రాసేటప్పుడు పాత్ర వయసు కూడా కథేనని గుర్తుంచుకోండి.

నటన సంగతికొస్తాను. 1980లో వచ్చిన 'ఎయిర్‌ప్లేన్!' తీసిన ముగ్గురు దర్శకులు కామెడీకి పేరుపడ్డవాళ్లను కాకుండా రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, పీటర్ గ్రేవ్స్, లెస్లీ నీల్సన్ లాంటి, అప్పటిదాకా గంభీరమైన వేషాలకే అలవాటుపడ్డ నటులను తెచ్చుకున్నారు. వాళ్లచేత అర్థంపర్థం లేని డైలాగులను సీరియస్ సినిమాలో చెప్పినట్టే చెప్పించారు. నీల్సన్ ఆ దెబ్బతో మిగిలిన జీవితమంతా కామెడీ నటుడైపోయాడు. నవ్వించాలని ప్రయత్నించని ముఖం మీదే నవ్వు పుడుతుందని వాళ్లకు తెలుసు.

మన దగ్గర ఈ మధ్య దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతోంది. పాత్ర ఒక వెర్రిమాట అంటాడు. వెంటనే కళ్లు పెద్దవి చేస్తాడు. ఆర్‌ఆర్‌లో, అంటే నేపథ్య సంగీతంలో, 'టొంయ్' మని ఒక శబ్దం పడుతుంది. ఆపైన పక్కనున్న ముగ్గురి రియాక్షన్ షాట్లు, వాళ్లలో ఒకడు తల పట్టుకుంటాడు. ఒక్క జోక్ కోసం నలుగురు చేయెత్తి మా వైపు చూసి 'నవ్వండి' అంటున్నట్టు ఉంటుంది. తను చేసేది కామెడీ అని తెలిసినవాడు మూర్ఖుడెలా అవుతాడు? అతను మూర్ఖుడి వేషం వేసుకున్న తెలివైనవాడు. మాకు అతను తెలిసిపోతాడు, మీకు తెలియడం లేదు.

గదిలో ఒక మామూలు మనిషి ఉండాలి. ఈ సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. 'పింక్ పాంథర్' సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ క్లూసోగా పీటర్ సెల్లర్స్ ఎంత గొప్పగా చేశాడో అందరూ చెప్తారు. 1964లో వచ్చిన 'ఎ షాట్ ఇన్ ది డార్క్' నుంచి అతని పై అధికారి డ్రైఫస్‌గా వేసిన హెర్బర్ట్ లోమ్ గురించి అంతగా చెప్పరు. క్లూసో తప్పు మీద తప్పు చేస్తూనే గెలుస్తుంటాడు, డ్రైఫస్‌కు కన్ను అదరడం మొదలై చివరికి మతి చలిస్తుంది. క్లూసో ఎంత పెద్ద వెర్రివాడో మనం కొలుచుకునేది డ్రైఫస్ ముఖం మీద. ఇంకొక విషయం, క్లూసో తనను తాను మహా డిటెక్టివ్‌నని నమ్ముతాడు. నేల మీద పడ్డా కావాలనే పడ్డట్టు లేచి నిలబడతాడు. పరువు కాపాడుకోవాలన్న తపన లేని మూర్ఖుడు ఎంత పడినా నవ్వు రాదు. 1980లో సెల్లర్స్ చనిపోయాక, పాత సినిమాల్లో వాడకుండా మిగిలిన బిట్లను పోగేసి 1982లో ఇంకో సినిమా తయారు చేశారు. బిట్లు ఉన్నాయి, పరువు కోసం తాపత్రయపడే మనిషి లేడు.

ఒక కల్పిత రాక్ బ్యాండ్ మీద డాక్యుమెంటరీలా తీసిన కామెడీ 'దిస్ ఈజ్ స్పైనల్ టాప్' (1984)లో ఒక గిటారిస్టు తన ఆంప్లిఫైయర్ చూపిస్తాడు. అందరి ఆంప్లిఫైయర్ మీదా అంకెలు పది దాకానే ఉంటాయి, మాది పదకొండు దాకా ఉంది, కాబట్టి మాది ఎక్కువ సౌండ్ అంటాడు. ఎదురుగా ఉన్న డాక్యుమెంటరీ దర్శకుడు, మరి పది దగ్గరే సౌండ్ పెంచుకుని దాన్నే గరిష్ఠం చేసుకోవచ్చు కదా అని మర్యాదగా అడుగుతాడు. గిటారిస్టు చాలాసేపు ఆలోచిస్తాడు. తర్వాత, ఇది పదకొండు దాకా వెళ్తుంది అని మళ్లీ అంటాడు. అక్కడ అసలు నవ్వు ఆ ఆలోచించే విరామంలో ఉంది. ప్రశ్న అడిగేవాడు వెటకారంగా అడిగి ఉన్నా, ఎడిటర్ ఆ విరామాన్ని కోసేసినా ఏమీ మిగలదు. మీ ఎడిటింగ్ టేబుల్ దగ్గర 'ల్యాగ్' అని కోసేస్తున్న సెకన్లలో ఇలాంటివి ఎన్ని పోతున్నాయో నాకు అనుమానమే.

2021లో 'జాతిరత్నాలు' థియేటర్లలో అంతలా ఆడటానికి ముగ్గురు హీరోల టైమింగ్ ఎంత కారణమో, కోర్టు సీన్‌లో జడ్జిగా కూర్చున్న బ్రహ్మానందం కూడా అంతే కారణమని నా అభిప్రాయం. దశాబ్దాల పాటు అందరిచేతా బకరా అయిన నటుడు, ఆ సీన్‌లో మాత్రం ఇంకొకరి వెర్రితనాన్ని భరించే మనిషిగా కనిపిస్తాడు. అతని ఓపిక ఎప్పుడు తెగుతుందా అన్న టెన్షనే ఆ సీన్‌ను నడిపింది.

బకరా మాట వచ్చింది కాబట్టి ఆ ఫార్ములా గురించి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. తెలుగులో ఇది చాలా ఏళ్లు కాసులు కురిపించింది. 2011 నాటి 'దూకుడు'లో బ్రహ్మానందం పాత్ర తానొక రియాలిటీ షోలో ఉన్నానని నమ్ముతుంది. ఎం.ఎస్. నారాయణ పాత్ర తనకు సినిమాలో వేషం దొరికిందని నమ్ముతుంది. 2013 'బాద్‌షా'లో బ్రహ్మానందాన్ని నువ్వు కలలో ఉన్నావని నమ్మిస్తారు. మూడు చోట్లా జాగ్రత్తగా చూడండి. వాళ్లను ముంచింది హీరో తెలివి మాత్రమే కాదు, వాళ్ల ఆశ కూడా. టీవీలో కనిపించాలన్న ఆశ, తెర మీద హీరో కావాలన్న ఆశ, కలే కదా ఇక్కడ నేనేం చేసినా అడిగేవాడు లేడన్న ధీమా. ఆ ఆశలు మనందరిలోనూ ఎంతో కొంత ఉన్నాయి. అందుకే వాళ్లు మోసపోతున్నా ఆ మోసంలో వాళ్లు పడే ఆనందాన్ని చూసి నవ్వాం.

తర్వాత ఆ ఫార్ములాను దించేవాళ్లు ఆశను వదిలేసి మోసాన్ని మాత్రమే తీసుకున్నారు. పెద్దింట్లోకి హీరో దూరతాడు, అక్కడొక బకరా ఉంటాడు, అతన్ని చెంపదెబ్బలు కొడుతుంటారు. అతనికి ఏం కావాలో ఎవరూ చెప్పరు, ఎందుకు నమ్ముతున్నాడో తెలియదు. బకరాగా పుట్టాడు కాబట్టి బకరా అవుతున్నాడు. 'దూకుడు' దర్శకుడు, హీరో, బ్రహ్మానందం ముగ్గురూ మళ్లీ కలిసి 2014లో చేసిన 'ఆగడు' నిరాశపరిచింది. జనం బ్రహ్మానందాన్ని చూసి విసిగిపోయారని అప్పట్లో కొందరు తీర్పు చెప్పారు. నాకది అన్యాయమనిపించింది. నటుడు అదే నటుడు. రాసిచ్చిన పాత్రలో మనిషి తగ్గిపోయాడు.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరకొస్తున్నాను. తెలివితక్కువవాడిని చూసి నవ్వుతున్నప్పుడు మేం ఎవరి పక్కన కూర్చుని నవ్వుతున్నాం? అతని పక్కనా, అతన్ని ఏడిపించేవాళ్ల పక్కనా?

ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అత్యంత తెలివైన జవాబు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ఫ్రాన్సిస్ వెబెర్ మొదట నాటకంగా రాసి, 1998లో సినిమాగా తీసిన 'లె డినే ద కోన్'. కొందరు డబ్బున్న పెద్దమనుషులకు ఒక సరదా ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో వెర్రివాడిని వెతికి విందుకు తీసుకురావాలి, ఎవరు తెచ్చినవాడు ఎక్కువ వెర్రివాడైతే వాళ్లు గెలిచినట్టు. ఒక ప్రచురణకర్తకు అగ్గిపుల్లలతో బొమ్మలు కట్టే ఒక ప్రభుత్వ ఉద్యోగి దొరుకుతాడు. విందుకు వెళ్లే ముందు ప్రచురణకర్తకు నడుం పట్టేస్తుంది. ఇంట్లోంచి కదలలేడు. భార్య వదిలేసి వెళ్తుంది. ఇంట్లో అతనూ, ఆ వెర్రివాడూ మిగులుతారు. ఇక అక్కణ్నుంచి వెర్రివాడు సాయం చేయడం మొదలుపెడతాడు. డాక్టర్‌కు అనుకుని ప్రియురాలికి ఫోన్ చేస్తాడు. తిరిగొచ్చిన భార్యను ప్రియురాలనుకుని గుమ్మంలోంచే పంపించేస్తాడు. పన్ను ఎగ్గొట్టే ఆ ఇంటికి, భార్య ఆచూకీ కనుక్కోవడానికి పనికొస్తాడని తన స్నేహితుడైన పన్నుల ఇన్‌స్పెక్టర్‌ను పిలుస్తాడు. గోడల మీది ఖరీదైన పెయింటింగులన్నీ హడావుడిగా దాచేయాల్సి వస్తుంది.

వాటిలో ఏ ఒక్కటీ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ప్రతి సాయమూ, ప్రచురణకర్త దాచుకున్న ఒక్కో తప్పును బయటికి లాగుతుంది. మనం వెర్రివాడిని చూసి నవ్వుతూనే ఉంటాం, కానీ శిక్ష పడేది అతన్ని ఎగతాళి చేయాలనుకున్నవాడికి. అన్నిటికంటే గొప్ప నిర్ణయం ఇంకొకటుంది. ఆ విందు తెర మీద జరగదు. ఎనభై నిమిషాల సినిమాలో మనం ఒక్కసారి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోం.

హాలీవుడ్ దీన్నే 2010లో 'డిన్నర్ ఫర్ ష్మక్స్' పేరుతో మళ్లీ తీసింది. మంచి నటులున్నారు. కానీ ఆ విందును చూపించారు, వెర్రివాళ్లందరినీ వరసగా ప్రదర్శనకు పెట్టారు. సినిమా ఎగతాళి తప్పని చెప్తూనే ఉంటుంది, మనల్ని మాత్రం తీసుకెళ్లి ఆ పెద్దమనుషుల కుర్చీల్లో కూర్చోబెడుతుంది. హిందీలో 2007లో వచ్చిన 'భేజా ఫ్రై' ఇదే కథను తక్కువ ఖర్చుతో, ఎక్కువ భాగం ఒక ఇంట్లోనే నడిపి, పెద్ద స్టార్లు లేకుండా విజయం సాధించింది. పాటల పిచ్చి ఉన్న పన్నుల శాఖ ఉద్యోగిగా వినయ్ పాఠక్ ఎంత విసిగించినా అతని మీద కోపం రాదు. 2011లో దాని రెండో భాగం తీసినప్పుడు బడ్జెట్ పెంచి కథను ఓడ ఎక్కించారు. ఇంట్లో ఇరుక్కుపోయి తప్పించుకోలేకపోవడమే ఆ కథకు ప్రాణం. సముద్రమంత చోటిచ్చేసరికి అది కాస్తా పోయింది. నిర్మాతలు ఇక్కడొక్క క్షణం ఆగాలి. ఈ రకం సినిమాకు డబ్బు ఎక్కువైతే మంచిదనుకోవడం చాలాసార్లు పొరపాటు.

నష్టం ఎవరికి జరుగుతుందన్నది కూడా ఇందులో భాగమే. 1997 'బీన్' సినిమాలో మిస్టర్ బీన్ విస్లర్ గీసిన ప్రసిద్ధమైన తల్లి చిత్రం మీద తుమ్ముతాడు. తుడవబోతే రుమాలుకున్న సిరా అంటుకుంటుంది. సిరా పోగొట్టబోతే ముఖమే చెరిగిపోతుంది. చెరిగిన చోట తనే ముఖం గీస్తాడు. ప్రతి పనీ ముందు చేసినదాన్ని బాగుచేయడానికే. ఆ గొలుసు రాయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ నవ్వుతో పాటు గుండె దడ కూడా ఉంటుంది. బీన్‌ను నమ్మి ఇంట్లో పెట్టుకున్న ఒక సాదాసీదా సంసారి ఉద్యోగం, కాపురం ఆ బొమ్మతో ముడిపడి ఉన్నాయి కాబట్టి. ఏమీ పోని చోట ఎన్ని వస్తువులు పగలగొట్టినా అది ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఖర్చు మాత్రమే.

మూర్ఖుడు ఏమీ పగలగొట్టకుండా కూడా సినిమా నడపొచ్చు. సెల్లర్స్‌దే 1979 సినిమా 'బీయింగ్ దేర్'. తోటపని తప్ప ఇంకేమీ తెలియని మనిషి, ఋతువుల గురించీ మొక్కల గురించీ ఏదో చెప్తే, దేశాధ్యక్షుడు దాన్ని ఆర్థిక వ్యవస్థ మీద గొప్ప వ్యాఖ్యగా తీసుకుంటాడు. అతను ఒక్క జోక్ కూడా వేయడు. అతని చుట్టూ ఉన్న పెద్దలే తమ తెలివిని బయట పెట్టుకుంటారు.

ఆడటం, ఆడకపోవడం గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఫెయిలైనవన్నీ చెడ్డవి కావు. ఆమిర్ ఖాన్, సల్మాన్ ఖాన్ చేసిన 'అందాజ్ అప్నా అప్నా' 1994లో థియేటర్లలో అంతంతమాత్రమే. తర్వాత టీవీల్లో జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2006లో 'ఇడియోక్రసీ' అనే హాలీవుడ్ కామెడీని స్టూడియోయే పట్టించుకోకుండా కొద్ది థియేటర్లలో వదిలేసింది, దాని ప్రేక్షకులు దానికి ఆలస్యంగా దొరికారు. ఇలాంటి సినిమాల్లో ఒక వింత ఉంది. పాత్రల లెక్క ఏమిటో తెలిశాక రెండోసారి చూస్తే ఎక్కువ నవ్వొస్తుంది. మొదటి వారం వసూళ్లతో తేలే వ్యవహారం కాదది. మీ సినిమా పోయినప్పుడు ఈ రెండు పేర్లు చెప్పి ఊరట పొందకండి. రెండోసారి చూసేవాడు ఉంటేనే ఆ వాదన చెల్లుతుంది.

ఇక ఒక విషయంలో నాకు బతిమాలే ఓపిక లేదు. నత్తిని, చెవుడును, మెల్లకన్నును, మరుగుజ్జుతనాన్ని, బుద్ధిమాంద్యాన్ని తెలివితక్కువతనంగా చూపించడం మానేయండి. ఇంతసేపూ చెప్పిన పాత్రలన్నిటినీ మరోసారి చూడండి. పియానో దించడం, చీటీలు రాయడం, పన్నుల ఇన్‌స్పెక్టర్‌ను పిలవడం వాళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు. వాటిలో తప్పుంది కాబట్టి నవ్వాం. మాట తడబడటం ఎవరి నిర్ణయమూ కాదు, అందులో నవ్వడానికి తప్పేమీ లేదు. థియేటర్లో ఆ జోక్ పడినప్పుడు మా వరసలో అదే ఇబ్బంది ఉన్న పిల్లవాడు కూర్చుని ఉంటాడు. చుట్టూ అందరూ నవ్వుతుంటే వాడు తెర వైపు చూడలేడు, పక్కకూ చూడలేడు. పాత కాలం నుంచీ ఉంది కదా అనకండి. పాత కాలంలో రాసేవాళ్లకు బద్ధకం లేదని ఎవరన్నారు?

చివరిగా, చేయదగ్గ పనులు రెండు చెప్తాను. నరేషన్ ఇచ్చేటప్పుడు మీరే గొంతులు మార్చి, మీరే నవ్వి, నిర్మాతను నవ్వించకండి. ఆ రోజు నవ్వింది మీ నటనకు, స్క్రిప్ట్‌కు కాదు. కాగితాలు అతని చేతికిచ్చి, చదువుకోమని బయటికెళ్లండి. సినిమా పూర్తయ్యాక ఆర్‌ఆర్ వేయకముందే, డబ్బింగ్ మాత్రమే ఉన్న కాపీని యూనిట్‌తో ఏ సంబంధమూ లేని ఓ యాభై మందికి చూపించండి. 'టొంయ్' శబ్దం లేకుండా వాళ్లు ఎక్కడ నవ్వారో కాగితం మీద రాసుకోండి, నవ్వని చోట ఆ పాత్రకు ఆ క్షణంలో ఏం కావాలో రాశారా లేదా అని స్క్రిప్ట్ తిరగేసి చూసుకోండి. అలాంటి షో వేస్తే, పిలవగానే వచ్చే యాభై మందిని పోగుచేసే బాధ్యత నాది.

ఇట్లు,
టికెట్ కొనుక్కుని వచ్చే ఒక ప్రేక్షకుడు